రెండు స్తంభాల బిళ్ళ

దయ్యం, గాలి, చేతబడి అని ఎవరైనా మొదలుపెడితే మాట మార్చేసే మనిషిని నేను. భయంతో కాదు, విసుగుతో. నెల్లూరు జిల్లాలోని కోట అనే ఊళ్ళో, బజారులో మాకు చిన్న వెండి పని అంగడి ఉంది. తాత నాటి నుంచి తాయెత్తు గొట్టాలు, మొలతాడు బిళ్ళలు, పసిపిల్లల కాళ్ళ గొలుసులు చేస్తున్నాం. తాయెత్తులు చేసేవాడివి, నువ్వే నమ్మకపోతే ఎట్టా సాయిబూ అని జనం ఎగతాళి చేసేవాళ్ళు. అందులో ఏముందో మీకంటే నాకే బాగా తెలుసు, మూత బిగించేది నేనే కదా అనేవాడిని.

దేవుణ్ణి నమ్ముతాను. శుక్రవారం నమాజు తప్పను. అంతకు మించి కంటికి కనపడని వాటి జోలికి నేను పోలేదు, అవీ నా జోలికి రాలేదు. ఐదేళ్ళ కిందటి వరకు అంతే.

ఇది చదివి ఎవరో భయపడాలని రాయడం లేదు. ఇందులో భయపడాల్సింది పెద్దగా ఏమీ లేదు. సిగ్గుపడాల్సింది ఉంది, పడాల్సినవాణ్ణి నేను. జరిగిన వింత మాత్రం చెప్పి నా తప్పు దాచుకుందామని ఒకటి రెండు సార్లు ప్రయత్నించాను. అది లేకుండా ఇది చెబితే నాకే అబద్ధంలా వినిపించింది. అందుకే రెండూ చెబుతున్నాను.

కోటకు తూర్పున, సముద్రం ఒడ్డున ఉన్న ఒక జాలరి పాళెంలో పోలమ్మక్క ఉండేది. భర్త ఎప్పుడో పోయాడు. ఒక్కడే కొడుకు శీనయ్య, ఫైబర్ బోటులో వేటకు పోతాడు. ఆమె వారానికి రెండు సార్లు చేపల గంపతో షేర్ ఆటోలో కోటకు వచ్చేది. మా నాన్న ఉన్నప్పటి నుంచీ మా అరుగు మీద గంప దించి, మంచినీళ్ళు తాగి, రెండు మాటలు ఆడి పోవడం ఆమెకు అలవాటు. నేను నిక్కర్లు వేసుకునే రోజుల నుంచి ఎరుగును.

ఆ మంచినీళ్ళు కూడా ఊరికే తాగేది కాదు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన సముద్రపు నురుగు ఏరి, సంచిలో వేసి తెచ్చేది. పేరుకు నురుగే కానీ అది ఒక సముద్రపు జీవి వీపులో ఉండే తెల్లటి పెంకు. గోరు దిగేంత మెత్తగా ఉంటుంది. దాన్ని నిలువునా రెండుగా కోసి, నడుమ ఒక వస్తువు పెట్టి నొక్కితే చక్కగా అచ్చు పడుతుంది. కరిగిన వెండి అందులో పోస్తే అలాంటిదే మరొకటి వస్తుంది. మా నాన్న చిన్న బిళ్ళలన్నీ అలాగే పోసేవాడు. ఆయన పోయాక అచ్చుపోసిన సరుకు మద్రాసు నుంచి తెచ్చుకోవడం అలవాటై, ఆమె తెచ్చే పెంకులు ఒక మూల పడి ఉండేవి. వద్దని ఎప్పుడూ చెప్పలేదు.

వాళ్ళింట్లో ఒక పాత వెండి నాణెం ఉంది. శీనయ్య ముత్తాత వలలో పడిందని చెబుతారు. అరచేతిలో సగం ఆక్రమిస్తుంది. ఒక వైపు కిరీటం పెట్టిన డాలు. రెండో వైపు సముద్రపు అలలు, ఆ అలల్లోంచి లేచిన రెండు స్తంభాలు, వాటి నడుమ ఒకదాని మీదికి ఒకటి ఒరిగిన రెండు భూగోళాలు, పైన మళ్ళీ కిరీటం. చుట్టూ ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలే, మాటలు మాత్రం ఇంగ్లీషు కాదు. ఎవరో పాతకాలపు షరాబు వెండిని పరీక్షించడానికి అంచున ఉలితో కొట్టిన గాటు ఒకటి. పాళెంలో దాన్ని రెండు స్తంభాల బిళ్ళ అంటారు.

దానికి పైన రింగు అతికి, మొలతాడుకు కట్టి, ఆ ఇంట్లో వేటకు పోయే మగవాడు నడుముకు పెట్టుకుంటాడు. ఒడ్డుకు రాగానే విప్పి తల్లి చేతికో పెళ్ళాం చేతికో ఇస్తే, ఆమె బియ్యం డబ్బాలో వేస్తుంది. అది నడుమున ఉన్న మనిషిని సముద్రం ఇంతవరకు తన దగ్గర ఉంచుకోలేదని వాళ్ళ నమ్మకం. పోలమ్మక్క భర్త కూడా మంచంలోనే, జ్వరంతో పోయాడు. ఆ మాట ఆమె కొంచెం గర్వంగానే చెప్పేది.

ఇలాంటి వస్తువుల విషయంలో మా నాన్నకు ఒక కట్టుబాటు ఉండేది. ఒంటిని కాచే వస్తువు అంగట్లో నిద్ర చెయ్యకూడదు. తాయెత్తు కానీ, బిళ్ళ కానీ బాగు చెయ్యడానికి వస్తే పొద్దు గూకేలోపు తిరిగి ఇచ్చెయ్యాలి. పని పూర్తి కాకపోతే అలాగే ఇచ్చేసి, మర్నాడు మళ్ళీ తెమ్మనేవాడు. వస్తువు మా దగ్గర ఉన్నంతసేపు, తెచ్చిన వాళ్ళ మణికట్టుకు మా అంగడి నల్లదారం కట్టి, 'ఇది మీకు అందేదాకా మీ పూచీ నాది' అని నోటితో చెప్పాలి. వస్తువు చేతికిచ్చాక ఆ దారం మేమే తెంపాలి. గిరాకీని నిలబెట్టుకోవడానికి పెద్దవాళ్ళు కనిపెట్టిన ఉపాయం అనుకునేవాడిని. దారం కట్టేవాడిని, మాట చెప్పేవాడిని, లోపల నవ్వుకునేవాడిని.

ఆ ఏడు వానలు తగ్గి చలి మొదలైన రోజుల్లో పోలమ్మక్క ఆ బిళ్ళ తెచ్చింది. రింగు అరిగి అరిగి కుట్టుదారమంత సన్నమైంది.

"ఇయ్యాలో రేపో తెగేటట్టుండాది సాయిబూ. శీనయ్యకు చెప్తే ఇనడు, ఏంగాదులేమ్మా అంటాడు. కొత్తది ఎయ్యి" అంది.

పావుగంట పని. ఆమె నీళ్ళు తాగేలోపు అయిపోయేది. కానీ నెల్లూరులో పాత నాణేలు సేకరించే ఒక పెద్దాయన నాకు పరిచయం. ఊరికే ఆయనకు ఫోన్లో ఫోటో తీసి పంపాను. రెండు నిమిషాల్లో ఆయనే ఫోన్ చేశాడు. అది స్పెయిన్ రాజ్యపు వెండి నాణెమట. రెండు వందల యాభై ఏళ్ళ పైమాటట. ఓడల్లో దేశదేశాలు తిరిగిన వెండి అట. అసలుదో కాదో చేతిలో పట్టుకుని చూడాలి, ఆదివారం తీసుకురా అన్నాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. "ఆ అలల చెక్కుడు చూడవయ్యా. ఇప్పుడు మీలో ఎవడి చేతనవుతుంది అట్లాంటి పని? మెషీన్ సరుకు తెచ్చి అతికేవాళ్ళే గదా మీరంతా" అన్నాడు.

ఆ మాట నాకు సూదిలా దిగింది. నిజం కాబట్టే దిగింది. నాకు ఒళ్ళంతా పొగరే. చేతిపని తెలిసినవాణ్ణని, మా నాన్న చేతి కింద పద్నాలుగేళ్ళు పని నేర్చినవాణ్ణని అందరి దగ్గరా చెప్పుకుంటూ, పదేళ్ళుగా ఒక్క అచ్చు కూడా పోయలేదు.

ఫోన్ పెట్టేసి పోలమ్మక్కతో, ఇది పాత వెండి, తొందరపడి వేడి చేస్తే పగులుతుంది, మూడు రోజులు పడుతుంది అన్నాను.

"మీ నాయిన ఎప్పుడూ ఉంచుకోలేదే" అంది.

"మా నాన్న దగ్గర ఇంత పాతది రాలేదు లే అక్కా" అన్నాను. అదీ అబద్ధమే. ఇదే బిళ్ళకు ఆయన రెండు సార్లు రింగు వేశాడు.

ఆమె బిళ్ళ మీద ఒకసారి చెయ్యి వేసి, "సరే, అట్టయితే మూడు దినాలు వాణ్ణి వేటకు పోనీను" అంది. నా పొగరు కోసం ఒక ఇంట్లో మూడు రోజులు పని ఆగింది. అప్పుడు నాకు అది పెద్ద విషయంగా తోచలేదు. ఆమె చెయ్యి చాపింది. నల్లదారం కట్టి, పూచీ మాట చెప్పాను. తడబడకుండా చెప్పాను.

ఆమె తెచ్చిన పెంకుల్లోంచే పెద్దది ఒకటి ఏరుకున్నాను. రెండుగా కోసి, అరగదీసి, బిళ్ళ పెట్టి నొక్కాను. వెండి పోశాను. మొదటిది గరుకుగా వచ్చింది. రెండోది ఫరవాలేదు. మూడోది చూసి నాకే ఒళ్ళు పులకరించింది. రెండు రోజులు అంగడి తలుపు ఓరగా వేసి, సన్న ఉలితో ఒక్కో అలనూ, ఒక్కో అక్షరాన్నీ సరిచేశాను. అంచున షరాబు గాటు కూడా అదే చోట, అదే వాలున కొట్టాను. గంధకం పొగ పట్టించి పాతదాని రంగు తెచ్చాను. అంత శ్రద్ధగా నేను పని చేసిన రోజులు జీవితంలో మరి లేవు. అది తలుచుకుంటేనే ఇప్పటికీ నాకు ఎక్కువ బాధ.

కొత్త రింగు దానికే వేశాను. రింగు కింద, వెనక వైపు, సూదిమొనతో చిన్న నెలవంక గీశాను. మా తాత నాటి నుంచి మా పనికి అదే గుర్తు. దొంగ సరుకు మీద గుర్తు పెట్టే తెలివితక్కువవాడు ఉంటాడా అంటే, ఉన్నాను. పని పూర్తయ్యేసరికి చెయ్యి దానంతట అది గీసేసింది.

మొదట అనుకున్నది, రెండూ పెద్దాయనకు చూపించి ఆయన నోరు మూయించాలని. తరవాత, నా చేతిది ఆమెకిచ్చి గుర్తుపడుతుందో లేదో చూద్దామని. ఆదివారం దాటాక మార్చి ఇచ్చేద్దాంలే అని. ఇవన్నీ నాకు నేను చెప్పుకున్నవి. అసలు సంగతి ఏమిటంటే, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకున్నప్పుడు నా పని దాని ముందు వెలవెలబోయింది. అసలుది వదలబుద్ధి కాలేదు. అంతే. దొంగతనానికి ఇంతకు మించి కారణం లేదు.

మూడో రోజు పోలమ్మక్క వచ్చింది. నా బిళ్ళ ఆమె అరచేతిలో పెట్టాను. చేప బరువు చూసినట్టు రెండు సార్లు ఎగరేసి పట్టింది. బొటనవేలితో స్తంభాల మీద రుద్దింది. తల ఎత్తి నా మొహంలోకి చూసింది. నేను సొరుగులో ఏదో వెతుకుతున్నట్టు వంగాను.

"రింగు బాగా ఏసినావు" అని, గంప ఎత్తుకుని పోయింది. దారం తెంపించుకోలేదు. మరిచిపోయిందనుకున్నాను.

అసలు బిళ్ళను ఎర్రగుడ్డలో చుట్టి, అంగడి వెనక గదిలో ఉన్న మా నాన్న ఇనప్పెట్టెలో పెట్టాను. ఆ పెట్టెకు ఒకటే తాళంచెవి, అది నా మొలతాడుకే ఉంటుంది. నా భార్య హసీనాకు కూడా ఈ సంగతి చెప్పలేదు. ఆదివారం నెల్లూరు పోదామని బయలుదేరి, బస్టాండు దాకా పోయి వెనక్కి వచ్చాను. ఆ తరవాతి ఆదివారమూ పోలేదు. మార్చి ఇచ్చేద్దామని పాళెం దాకానూ పోలేదు. శీనయ్య నా బిళ్ళ కట్టుకుని రోజూ సముద్రం మీదికి పోతున్నాడని తెలుసు. నమ్మకం లేనివాణ్ణి కదా, ఏ బిళ్ళ అయితే ఏమిటి అనుకునేవాడిని. అలా అనుకోవాల్సిన అవసరం రోజుకు నాలుగు సార్లు ఎందుకు వచ్చేదో మరి.

నా బిళ్ళ ఆమెకిచ్చిన పన్నెండో రోజు, మంగళవారం. పొద్దున పదిన్నర అయింది. నేను అంగట్లో ఒక పసిపాప గొలుసు అతుకుతున్నాను. హసీనా వెనక గదిలోంచి పిలిచింది.

"ఏందండీ, పెట్టె కింద నుంచి నీళ్ళు కారతన్నాయి?"

పోయి చూశాను. పెట్టె ముందు గచ్చు మీద జానెడు మడుగు. వారం రోజులుగా చినుకు లేదు. మాది స్లాబు ఇల్లు, పైన చెమ్మ లేదు, ఆ గదిలో కుళాయి కానీ, బిందె కానీ లేవు. తాళం వేసినది వేసినట్టే ఉంది. తీశాను. లోపల మా నాన్న సుత్తులు, శానాలు, పాత రసీదు కాగితాలు అన్నీ పొడిగా ఉన్నాయి. ఎర్రగుడ్డ మూట ఒక్కటే తడిసి ముద్దయింది. దానిలోంచి నీరు కారి పెట్టె మూలకు పోయి, అక్కడి సందులోంచి బయటికి కారుతోంది. పిండితే ఇంకా నీళ్ళు వచ్చాయి. గుడ్డ మడతలో ఇసుక ఉంది. వేలు నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు.

గుడ్డ విప్పాను. బిళ్ళ ఉంది. దాని రింగు దళసరిగా, కొత్తగా మెరుస్తోంది. తిప్పి చూశాను. రింగు కింద నెలవంక ఉంది.

నా చేతిలో ఉన్నది నేను చేసిన బిళ్ళ. నేను పోలమ్మక్కకు ఇచ్చిన బిళ్ళ.

పొరపాటున అసలుదే ఆమెకిచ్చి, నాది నేనే దాచుకున్నానేమో అని మీకు అనిపిస్తుంది. ఆ క్షణంలో నాకూ అనిపించింది, అనిపించాలని గట్టిగా కోరుకున్నాను కూడా. కానీ అసలుదానికి నేను రింగు మార్చనేలేదు. ఆమె చేతిలో పెట్టినది కొత్త రింగుది. ఆమె రింగు బాగుందని చెప్పి మరీ తీసుకుపోయింది. పెట్టెలో పెట్టినది అరిగిన రింగుది. అది గుడ్డలో చుట్టేటప్పుడు రింగు తెగుతుందేమోనని పైన దూది కూడా పెట్టాను. ఆ దూది తడిసి గుడ్డకే అంటుకుని ఉంది.

హసీనా ఏమిటది అని అడిగింది. ఏమీ లేదన్నాను. ఆమె తుడవడానికి గుడ్డ తెచ్చింది.

పన్నెండు దాటాక పాళెం ఆటో అతను కబురు తెచ్చాడు. పొద్దున తొమ్మిదిన్నరకు, ఏరు సముద్రంలో కలిసే ముఖద్వారం దగ్గర అల కొట్టి శీనయ్య వాళ్ళ బోటు తిరగబడింది. మిగతా ముగ్గురూ బోటు పట్టుకుని బయటపడ్డారు. శీనయ్య కనపడలేదు. గంట తరవాత ఉత్తరాన చాలా దూరంలో ఒడ్డున పడి ఉన్నాడు, ఊపిరి ఉంది, నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోయారు అన్నాడు. గంట తరవాత అంటే పదిన్నర. నేను రెండు సార్లు అడిగి ఖాయం చేసుకున్నాను. ఎందుకు అడుగుతున్నానో అతనికి అర్థం కాలేదు.

మర్నాడు నెల్లూరు పోయాను. పలకరించడానికే పోయానని చెప్పుకోను. చూడటానికి పోయాను. మగవాళ్ళ వార్డులో శీనయ్య నిద్రపోతున్నాడు, ముక్కుకు గొట్టం. పోలమ్మక్క మంచం పక్కన కింద కూర్చుని ఉంది. మణికట్టుకు నా నల్లదారం అలాగే ఉంది. నన్ను చూసి, "వచ్చినావా" అంది. కాసేపు కూర్చో, మందులు తెచ్చుకుంటా అని చీటీ తీసుకుని కిందికి పోయింది.

దిండు పక్కన ఒక పాలిథిన్ కవరు. ఆసుపత్రి వాళ్ళు అతని ఒంటి మీద నుంచి తీసిన తడి నిక్కరు, మొలతాడు అందులో వేసి, మూతి ముడివేసి పెట్టారు. ముడి విప్పలేదు. కవరు ఎత్తి కిటికీ వెలుగులో పెట్టి చూశాను. మొలతాడుకు బిళ్ళ వేలాడుతోంది. రింగు కుట్టుదారమంత ఉంది. దాని కింద నెలవంక లేదు. గంటసేపు అలల్లో కొట్టుకున్న మనిషి నడుమున ఆ రింగు తెగకుండా ఎలా నిలిచిందో, పాతికేళ్ళుగా రింగులు అతికే వాణ్ణి, నాకే తెలియదు.

అడుగుల చప్పుడుకు తిరిగి చూస్తే, మంచం కాళ్ళ దగ్గర పోలమ్మక్క నిలబడి ఉంది. చేతిలో కవరుతో దొరికిపోయాను. గబుక్కున దిండు పక్కన పెట్టేశాను. ఆమె దగ్గరకు వచ్చింది. కవరు తీసుకుని, పైనుంచే బిళ్ళను తడిమి చూసింది. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. చెయ్యి నా ముందుకు చాపింది.

"ఇప్పుడు తెంపు సాయిబూ" అంది.

దారం తెంపాను. బిడ్డ బతికాడన్న సంతోషం అనుకున్నాను.

శీనయ్య కోలుకున్నాక ఒకసారి అంగడికి వచ్చి తానే చెప్పాడు. "మునిగినాక ఏందీ తెలవలేదన్నా. ఎవురో మొలతాడు పట్టుకోని బరబరా ఈడ్చినట్టు ఉన్నింది. చిన్నప్పుడు బడికి పోనంటే మా అమ్మ ఈడ్చేది చూడు, అట్ట" అని నవ్వాడు. నీళ్ళు మింగిన మనిషికి ఏవేవో అనిపిస్తాయి. దాన్ని నేను సాక్ష్యంగా చెప్పడం లేదు. పెట్టెలోని ఉప్పునీళ్ళు మాత్రం నేను ఒక్కణ్ణే చూడలేదు, హసీనా తుడిచింది.

ఆ తరవాత పోలమ్మక్క నాకు పెట్టిన శిక్ష ఏమిటంటే, చేపలు. వచ్చినప్పుడల్లా గంపలో మంచిది ఏరి మా ఇంట్లో ఇచ్చేది. మడవలు, వంజరం ముక్కలు, రొయ్యలు. వద్దంటే వినేది కాదు. "తినవయ్యా, నీకు గాక ఎవురికి" అనేది. హసీనా పులుసు పెట్టేది. పిల్లలు లొట్టలు వేసుకుంటూ తినేవాళ్ళు. నాకు ముద్ద దిగేది కాదు. ఏమీ తెలియని అమాయకురాలి చేతి తిండి తింటున్నానని అనుకునేవాడిని. ఎన్నో సార్లు చెబుదామని నోటి దాకా వచ్చేది. రేపు చెబుదాం అనుకునేవాడిని. రేపు అనేదానికి రూపు లేదంటారు. నాలుగేళ్ళు అలాగే గడిచాయి.

పోయిన ఏడాది ఆమె మంచాన పడింది. ఒక రోజు మధ్యాహ్నం శీనయ్య వచ్చి, "అమ్మ నిన్ను రమ్మన్నిందన్నా. పనిముట్లు తీసుకోని రావాలంట. బిళ్ళకు రింగు ఎయ్యాలంట" అన్నాడు. మోటారు సైకిల్ మీద వెంట పోయాను.

వాకిట్లో నీడన మంచం వేసి పడుకోబెట్టారు. ఎముకలగూడులా ఉంది. బిళ్ళ తీసి నా చేతికిచ్చింది. అరిగిన రింగు చుట్టూ వల అల్లే నైలాను దారం గట్టిగా చుట్టి ఉంది. నాలుగేళ్ళు ఆ దారంతోనే నెట్టుకొచ్చారు. విప్పి, వాళ్ళ కళ్ళ ముందే, వాకిట్లో కూర్చుని రింగు మార్చాను. పావుగంట పట్టింది. శీనయ్య బిళ్ళ తీసుకుని లోపల బియ్యం డబ్బాలో వేయడానికి పోయాడు.

అప్పుడు మొదలుపెట్టాను. "అక్కా, నీకొక మాట చెప్పాల. ఆ పొద్దు నేను నీకు ఇచ్చిన బిళ్ళ..."

"నాకు తెలుసులే" అంది.

పనిముట్లు సర్దడం ఆపి ఆమె వైపు చూశాను.

"నలభై ఏళ్ళు రోజూ అరిచేతిలో పట్టుకున్నదాన్ని, నాకు బరువు తెలవదా? చేతిలో పెట్టంగానే తెలిసిపొయ్యింది. ఈ సాయిబుకేం కష్టమొచ్చిందో, ఇప్పుడు అడిగితే మొకం యాడ పెట్టుకుంటాడు అనుకున్నా. మీ నాయిన మొకం గుర్తొచ్చి ఊరకుండిపోయినా. దారం మటుకు తెంపించుకోలా."

ఆమెకు ఆయాసం వచ్చింది. నేను నీళ్ళు ఇచ్చాను.

"శీనయ్యకు చెప్తే భయపడి మునిగిపోతాడు. అందుకని నువ్విచ్చిందే కట్టినా. కట్టి, ఒడ్డుకు పోయి గంగమ్మతో చెప్పినా. అమ్మా, అసలు బిళ్ళ సాయిబు కాడ ఉండాది, పూచీ నాదని దారం కట్టినాడు, చూడు. నా బిడ్డను అడగమాకు, అడిగేదుంటే సాయిబును అడుగు. దినామూ ఇదే చెప్పినా. నీ మింద చెప్పినందుకు ఏమనుకోమాక."

ఏమనుకోవడానికి నాకు ఏం మిగిలింది.

"తప్పు చెయ్యనోడు యాడుంటాడు సాయిబూ. ఆస్పత్రికి వచ్చి, నా కొడుకు తలకాడ కూర్చోని, తెచ్చి పెట్టేసినావు గదా. నేను చూసినాలే. తిరిగి తెచ్చి పెట్టేటోడే మనిషి. మళ్ళా రింగుకని నీ చేతికిచ్చి నిన్ను పరీక్ష పెట్టేది ఎందుకని, ఇన్నాళ్ళూ దారంతో కట్టినా. పోయేముందు నీ చేతనే ఏయించాలని ఉన్నింది. ఏసినావు. మీ నాయిన బిడ్డవే నువ్వు."

అక్కా, నేను తెచ్చి పెట్టలేదు అనాలి. మూడు మాటలు. కవరు ముడి కూడా విప్పలేదు, నేను వచ్చేసరికే అది అక్కడ ఉంది, అనాలి. ఆమె నా చేతి మీద చెయ్యి వేసి, మా నాన్న బిడ్డనని, ఎంత నిమ్మళంగా చూస్తోందంటే నా నోరు పెగల్లేదు. శీనయ్య బయటికి వచ్చాడు. వాడి చేతిలో మాకు ఇవ్వడానికి మూట కట్టిన చేపలు.

తల ఊపాను. అవునన్నట్టే ఊపాను. బిళ్ళ దొంగిలించిన రోజు కంటే ఆ తల ఊపిన రోజే నాకు ఎక్కువ సిగ్గు. మొదటిసారి వెండి తీసుకున్నాను. రెండోసారి చెయ్యని మంచితనాన్ని తీసుకున్నాను.

నెల తిరక్కుండానే పోలమ్మక్క పోయింది. మట్టి చేసే వేళకు పోయాను. అక్కడ కూడా నలుగురి ముందు, అమ్మకు సాయిబన్న అంటే ప్రాణం అని శీనయ్య ఏడ్చాడు.

నెలవంక గుర్తున్న బిళ్ళ నా పెట్టెలోనే ఉంది. కరిగించేద్దామని మూసలో వేసి, మంట ముట్టించి, మళ్ళీ తీసేసిన రోజులు ఉన్నాయి. పెట్టె ఆ తరవాత ఎప్పుడూ తడవలేదు. శీనయ్య పొద్దున బోటు ఎక్కే వేళకు నాకు మెలకువ వస్తుంది, లేచి వెళ్ళి పెట్టె కింద గచ్చు మీద చెయ్యి పెట్టి చూసి వస్తాను. ఇప్పుడు బాగుకు వచ్చిన ఏ తాయెత్తూ నా అంగట్లో నిద్ర చెయ్యదు. నమ్మకం వచ్చిందా అని హసీనా అడుగుతుంది. మొలతాడుకున్న తాళంచెవి తడిమి చూసుకుంటాను.

తాళం వేసిన పెట్టెలోంచి ఆ బిళ్ళ సముద్రం మీది మనిషి నడుముకు ఎలా పోయిందో, అతని నడుమున ఉన్నది నా పెట్టెలోకి ఎలా వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలిసినది ఒక్కటే. తెచ్చి పెట్టింది నేను కాదక్కా.